మూడు కొటేషన్ల కుందేలు

మానవ నాగరికత నిప్పు రాజేయడంతో మొదలైందని కొందరు, చక్రం దొర్లించడంతో మొదలైందని కొందరు వాదిస్తారు. ఆ వాదన అనవసరం. నాగరికత మూడో కొటేషన్‌తో మొదలైంది. ఒక్కచోట అడిగి కొనేవాడు అమాయకుడు. రెండుచోట్ల అడిగి కొనేవాడు తొందరపాటు మనిషి. మూడుచోట్ల అడిగి, మూడింటినీ ఒక పట్టికలోకి ఎక్కించి, ఆ పట్టిక మీద సంతకాలు చేయించి, ఈలోగా ఆ వస్తువుతో పని తీరిపోయేదాకా ఓపిక పట్టగలిగినవాడే పాలన తెలిసినవాడు.

అలాంటివాళ్లలో మన సూపరింటెండెంటు గారిని ముందు చెప్పుకోవాలి. ఒక పెద్ద కార్యాలయంలో కొనుగోళ్ల విభాగాన్ని ఇరవై రెండేళ్లుగా నడుపుతున్నారు. గుండుసూది దగ్గర నుంచి జనరేటరు దాకా అక్కడికి ఏది రావాలన్నా ఆయన చేతి మీదుగా రావలసిందే, లేదా ఆయన చేతిలో ఆగవలసిందే. నిక్కచ్చి మనిషి. బయటివాళ్ల దగ్గర టీ చుక్క కూడా ముట్టరు (ఒకరి టీ తాగితే మరో ఇద్దరి టీ కూడా రుచి చూసి పోల్చవలసి వస్తుందని ఆయన ఇబ్బంది). వచ్చిన చిక్కల్లా ఒకటే. సాయంత్రం ఆఫీసు తలుపులు మూసుకునేవి గానీ కొనుగోళ్ల విభాగం మూసుకునేది కాదు. అది ఆయనతోపాటే బస్సెక్కి ఇంటికి వచ్చేసేది.

ఆ ఇంట్లో బకెట్టు కొనడానికి రెండు నెలలు పట్టింది. గొడుగు ఫైలు వానలు వెలిశాక తేలింది. ఆయన భార్య కళ్లజోళ్ల దుకాణంలో ఫ్రేములకు అద్దాలు బిగించే పని చేస్తుంది. రోజంతా మిల్లీమీటర్లతో కాపురం చేసే మనిషి కాబట్టి ఆవిడకు ఓపిక ఎక్కువే. "మా పెళ్లికి కూడా మూడు సంబంధాలు చూసి పట్టిక వేశారు. నాకెన్ని మార్కులొచ్చాయో ఇవాళ్టి వరకూ చెప్పలేదు" అని మాత్రం చుట్టాలొచ్చినప్పుడల్లా చెబుతుంటుంది. సూపరింటెండెంటు గారు ఆ మాటకు నవ్వరు. మార్కులు గోప్యం.

ఇటువంటి ఇంట్లో, నాలుగో తరగతి చదువుతున్న కూతురు ఒక ఆదివారం పొద్దున అవసరపత్రం సమర్పించింది. ఇంట్లో ఎవరికి ఏం కావాలన్నా నోటితో అడగడం కుదరదు, అవసరపత్రం నింపాలి. ఆ పిల్ల అక్షరాలు దిద్దుకున్నదే దాని మీద. వస్తువు పేరు అన్నచోట 'కుందేలు' అని, సంఖ్య అన్నచోట 'ఒకటి' అని రాసింది. ప్రయోజనం అన్నచోట కాస్త ఇరికించి, 'నేను బడి నుంచి నాలుక్కి వస్తాను. మీరు ఆరున్నరకి వస్తారు. మధ్యలో ఇంట్లో ఎవరైనా ఉంటే బాగుంటుంది' అని రాసింది. (మధ్యలో పక్క ఫ్లాటు పిన్ని రెండుసార్లు తలుపు తీసి చూసి, పిల్ల ఉన్నదని నిర్ధారించుకుని వెళుతుంది. అది తనిఖీ కిందికి వస్తుంది గానీ తోడు కిందికి రాదు.)

ప్రాధాన్యం అన్న గడిలో 'సాధారణం', 'అత్యవసరం' అని రెండుంటాయి. అది అధికారి నింపవలసిన గడి. సూపరింటెండెంటు గారు పత్రం మొత్తం చదివి, చివర్లో పూర్ణవిరామం లేదని గమనించి, తానే పెట్టి, 'సాధారణం' మీద టిక్కు కొట్టారు. ఇంట్లో పుట్టే కాగితాలన్నీ సాధారణమే అని ఆయన అనుభవం.

కొటేషన్ల సేకరణ మొదలైంది. మొదటిది కుందేళ్ల పునరావాస కేంద్రం. ఎవరో పెంచుకుని, మొహం మొత్తి వదిలేసిన కుందేళ్లను అక్కడ చేరదీస్తారు. కేంద్రం అధికారిణి బల్ల మీద ఒక్కో కుందేలుకు ఒక్కో ఫైలు ఉంది. ఒక ఫైలు మిగతావాటికంటే లావుగా కనిపించేసరికి సూపరింటెండెంటు గారికి వెంటనే గౌరవం కలిగింది. అది ఎడమ చెవి మడతపడ్డ ఒక బూడిదరంగు కుందేలుది. మూడు ఇళ్లకు వెళ్లి మూడుసార్లు తిరిగొచ్చింది. మొదటి ఇంటివాళ్లు రాసిన కారణం: 'అన్నీ కొరుకుతోంది.' రెండో ఇంటివాళ్లది: 'ఏమీ కొరకడం లేదు, హుషారు తక్కువ.' మూడో ఇంటివాళ్లది: 'కర్టెన్లు మార్చాం, వాటికి నప్పడం లేదు.'

ఇంతలో కూతురు ఆ కుందేలు ఎదుట చతికిలబడింది. అది కదలకుండా కూర్చుని, ఒక చెవి నిక్కించి, గదిలో తిరిగేవాళ్లందరినీ ఒక్కొక్కరినే చూస్తోంది.

"అచ్చం మేనేజరులా ఉంది" అంది కూతురు. "ఏ పనీ చేయదు, అందర్నీ గమనిస్తుంది."

అప్పటి నుంచి దాని పేరు మేనేజరు.

"పన్నెండు రోజులు మీ పేరు మీద ఆపుతాం సార్" అంది అధికారిణి. "ఆ తర్వాత వేరేవాళ్లకి చూపిస్తాం. ఈలోగా మీ ఇల్లు తనిఖీ చేయాలి."

ఆ తనిఖీకి మోకాళ్ల స్థాయి పర్యవేక్షకుడు అనే ఉద్యోగి వచ్చాడు. టై కట్టుకుని, గడప దగ్గరే నాలుగు కాళ్ల మీదికి దిగి, ఇల్లంతా కుందేలు ఎత్తు నుంచి పరిశీలించాడు. ఫ్రిజ్ వెనక వైర్లు రాసుకున్నాడు. మంచం కింద గాలి బాగుందన్నాడు. సోఫా కింద చెయ్యి పెడితే ఒక దువ్వెన, ఇరవైకి నాలుగు మార్కులు పడ్డ లెక్కల పేపరు దొరికాయి. కూతురు ఊపిరి బిగబట్టింది. ఆయన పేపరు వంక చూసి, కూతురి వంక చూసి, "ఇది నా పరిధిలోకి రాదు" అని దాన్ని తిరిగి సోఫా కిందికే తోసేశాడు. ప్రభుత్వాల మీద, సంస్థల మీద ఆ పిల్లకు నమ్మకం కలిగింది ఆ రోజే. ఇల్లు పాసైంది.

రెండో కొటేషన్ వంశపు కుందేళ్ల పెంపకందారుది. భార్య సలహా అది. "తల్లీదండ్రీ ఎవరో తెలిసిన కుందేలైతే రోగం రొష్టూ ఉండవు కదండీ" అంది. పెంపకందారు వాళ్లను సోఫాలో కూర్చోబెట్టి, చుట్టి ఉంచిన వంశవృక్షాన్ని పరిచాడు. అది బల్ల దాటి నేల మీదికి దొర్లింది. ఏడు తరాలు. ముత్తాత చెవుల పొడవులో బహుమతి పొందాడు. నాయనమ్మది మచ్చలేని తెలుపు, పైగా మచ్చలేని ప్రవర్తన.

"మీ వైపు ఎన్ని తరాలు చెప్పగలరు?" అని అడిగాడు పెంపకందారు, చాలా మర్యాదగా.

సూపరింటెండెంటు గారు తాత పేరు చెప్పారు. ముత్తాత దగ్గర ఆగిపోయారు.

"పర్లేదులెండి" అన్నాడు పెంపకందారు. "చాలామందికి అంతే."

ఇంత వంశంలోని ఆ కుందేలు ఎక్కడుందని కూతురు అడిగింది. అది ఇంకా పుట్టలేదు. వాళ్లమ్మకు ఇంకా సంబంధం కుదరలేదు. పోయిన నెల ఒకటి వచ్చింది గానీ పెళ్లికొడుకు ముక్కు కదిలించే తీరు అమ్మాయికి నచ్చలేదట. నిరీక్షణ జాబితాలో వీళ్లది పంతొమ్మిదో స్థానం. "మంచి కుందేలు కావాలంటే ఆగాలి మరి" అన్నాడాయన. ఆ వాక్యం సూపరింటెండెంటు గారికి ఎంత నచ్చిందంటే, ఆఫీసులో గోడకు అంటించుకుందామా అని కూడా అనుకున్నారు.

మూడో కొటేషన్ దగ్గర కథ అడ్డం తిరిగింది. ఊళ్లో కుందేళ్లు దొరికే చోట్లు రెండే. ఒకటి వదిలేసినవి ఉండే చోటు, ఇంకొకటి ఇంకా పుట్టనివి ఉండే చోటు. నాలుగు రోజులు వెతికారు. పేపర్లో ప్రకటన ఇస్తే ఎవరో తాబేలు పంపుతామన్నారు. ఐదో రోజు భోజనాల దగ్గర భార్య అడిగింది.

"రెండే ఉన్నాయి కదా. రెండిట్లో ఒకటి తేల్చేయొచ్చుగా?"

"రెండిట్లో తేలిస్తే అది ఎంపిక అవుతుంది" అన్నారాయన. "మూడిట్లో తేలిస్తే ప్రక్రియ అవుతుంది."

ఇక్కడ తెలియనివాళ్ల కోసం ఒక ముక్క చెప్పాలి. లోకంలో ఏ కార్యాలయంలోనైనా మూడో కొటేషన్ అనేది ఓడిపోవడానికే పుడుతుంది. తెలిసినవాడికి ఫోన్ చేసి, 'నీ పేరు మీద ఒక కాగితం పంపు, గెలవకుండా చూసుకో' అంటే, వాడు పంపుతాడు. సంఖ్య నిండుతుంది, మనస్సాక్షి కూడా నిండుతుంది. సూపరింటెండెంటు గారు ఆ పని ఆఫీసులో ఏనాడూ చేయలేదు. ఇంట్లో మొదటిసారి చేశారు. బామ్మర్దికి ఫోన్ చేశారు. బామ్మర్దిది బొమ్మల దుకాణం.

"నీ దగ్గర కుందేలు ఉందా?"

"మెత్తటి దూది కుందేలు ఉంది బావా. ఎవరికి?"

"ఎవరికీ కాదు. ఉత్త కాగితం చాలు. పోటీకి మూడోది ఉండాలి కదా."

"పోటీయా?" అన్నాడు బామ్మర్ది. ఆ గొంతులో ఏదో వెలిగినట్టు సూపరింటెండెంటు గారు అప్పుడే గమనించి ఉండవలసింది. అక్క పెళ్లయిన దగ్గర నుంచి బావ ఏ కొనుగోలులోనూ తన దుకాణానికి ఒక్క అవకాశం ఇవ్వలేదన్న బాధ ఆ మనిషిలో పదమూడేళ్లుగా నలుగుతోంది. మర్నాటికల్లా నాలుగు పేజీల కొటేషన్ పంపాడు, రంగుల ఫొటోలతో. 'శబ్దం చేయదు. తినదు, తాగదు. వాసన లేదు, ఉతికితే సువాసన. వైర్లు కొరకదు. జ్వరం రాదు. వెంటనే ఇవ్వగలం. తరాలతో పనిలేదు, అన్నీ ఒకే అచ్చు.'

ఎనిమిదో రోజు తులనాత్మక పట్టిక సిద్ధమైంది. ఆఫీసులో ఫోటోకాపీ యంత్రం ఎంపిక కోసం ఆయనే రూపొందించిన మార్కుల విధానం, చిన్న మార్పులతో. నిర్వహణ భారం, శబ్దం, స్థలం, మరమ్మతులు, అందజేసే గడువు, ఇలా పది అంశాలు, ఒక్కో దానికి పది మార్కులు. ఆయన నిజాయితీగా వేసుకుంటూ పోయారు. మేనేజరుకు నలభై ఒకటి. పుట్టబోయే కుందేలుకు యాభై రెండు (పుట్టనందువల్ల శబ్దంలో పదికి పది). దూది కుందేలుకు తొంభై ఎనిమిది. ఆ రెండు మార్కులైనా ఎందుకు పోయాయంటే, ఫొటోలో కుడికన్ను ఒక మిల్లీమీటరు కిందికి అతికించారని భార్య పట్టేసింది.

పట్టికను కుటుంబ కమిటీ ముందు, అంటే భార్యాకూతుళ్ల ముందు, పెట్టారు.

"కుందేలుకి ప్రాణం ఉండాలని రాయలేదా?" అంది భార్య.

"అది రాయాల్సిన విషయమని ఎవరైనా అనుకుంటారా?"

"ఇప్పుడు రాయండి."

"కొటేషన్లు తెరిచాక నిబంధన మార్చడం..." అని ఆయన వాక్యం పూర్తి చేయలేకపోయారు. ఆయన నోట ఒక నియమం సగంలో ఆగిపోవడం అదే మొదటిసారి. కూతురు ఏడవలేదు. పట్టిక తీసుకుని, కూడిక సరిగ్గా ఉందో లేదో రెండుసార్లు చూసుకుంది. సరిగ్గానే ఉంది. లెక్కల్లో నాలుగు మార్కులొచ్చిన పిల్లకు కూడా అది సరిగ్గానే కనిపించింది.

బామ్మర్ది దూది కుందేలును స్వయంగా తెచ్చి, మెడలో రిబ్బను సర్ది, "బావా, నీ నమ్మకం నిలబెట్టుకున్నాను" అని కళ్లు తుడుచుకున్నాడు. కూతురు అందినట్టు సంతకం చేసింది.

పదకొండో రోజు ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి కూతురు బల్ల దగ్గర హోంవర్కు చేసుకుంటోంది. ఎదురు కుర్చీలో దూది కుందేలు నిటారుగా కూర్చుని ఉంది.

"ఎలా ఉందమ్మా పనితీరు?" అని అడిగారు. కొన్న వస్తువు పనితీరు అడిగి తెలుసుకోవడం కూడా ప్రక్రియలో భాగమే.

"బాగుంది నాన్నా. నేను వచ్చేసరికి రోజూ ఉంటోంది" అంది కూతురు, తల ఎత్తకుండా. "కాకపోతే నేను వచ్చానని దానికి తెలియడం లేదు."

సూపరింటెండెంటు గారికి మనసు చివుక్కుమంది. అది ఏ గడిలో రాయాలో ఆయనకు తెలియలేదు. ఫోటోకాపీ యంత్రానికి అలాంటి గడి అక్కర్లేదు. చొక్కా మార్చుకుంటూ, అన్నం తింటూ, పళ్లు తోముకుంటూ ఆ గడి కోసమే వెతికారు.

పన్నెండో రోజు పునరావాస కేంద్రానికి వెళ్లి మేనేజరును వద్దనుకుంటున్నట్టు రాసివ్వాలి. ఆఫీసులో పూటసెలవు పెట్టారు (మంజూరు చేసే అధికారి ఆయన సెలవుచీటీ ఎలా ఉంటుందో ఎరగక, అది ఫోర్జరీ ఏమోనని ఫోన్ చేసి కనుక్కున్నారు). కేంద్రంలో ఉపసంహరణ పత్రం నింపబోతుంటే అధికారిణి ఆపింది.

"పదకొండో నిబంధన సార్. ఏ కుందేల్ని వద్దంటున్నారో ఆ కుందేలు సమక్షంలో సంతకం చేయాలి."

"దేనికండీ?"

"మొహం చూసి చెప్పాలని."

సబబుగానే ఉందనిపించింది. అధికారిణి మేనేజరును తెచ్చి ఆయన ఒళ్లో పెట్టి, సాక్షి సంతకం చేయవలసిన ఉద్యోగి కోసం లోపలికి వెళ్లింది. ఆ ఉద్యోగి టీకి వెళ్లాడు. నలభై నిమిషాలు పట్టింది. మొదటి పది నిమిషాలు కుందేలు ఆయన్ని పరిశీలించింది. ఆ తర్వాత నిక్కిన చెవి కూడా దించేసి, ఒళ్లో ఒత్తుకుని పడుకుంది. ఆయన కాలు తిమ్మిరెక్కింది. కదపలేదు. గది గోడకు తగిలించిన గడియారం వంక ఒక్కసారి కూడా చూడలేదు. నిజం చెప్పాలంటే హాయిగా ఉంది, ఆ సంగతి ఆయనకు ముందు అనుమానం కలిగించింది, తర్వాత సంతోషం కలిగించింది.

అధికారిణి వచ్చేసరికి ఆయన కలం తీశారు. కుందేలు లేచి, కలం పట్టుకున్న ఆ చేతి మణికట్టు మీద గడ్డం ఆనించి, మెల్లగా అటూ ఇటూ రుద్దింది.

"ఇదేం చేస్తోందండీ?"

"గడ్డం కింద దానికో వాసన ఉంటుంది సార్. తనదనుకున్నదాని మీద అలా రుద్దుతుంది. తన ముద్ర వేసుకోవడం అన్నమాట."

"ముద్రా?" అన్నారు సూపరింటెండెంటు గారు.

"ముద్రే సార్."

ఆయన తన మణికట్టు వంక చూసుకున్నారు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో, ముద్ర పడ్డాక వెనక్కి పంపిన కాగితం ఒక్కటి కూడా లేదు. ఆయన కలం జేబులో పెట్టేశారు. కళ్లు మూసుకుని కొనుగోళ్ల నియమావళిని మొదటి నుంచి మనసులో తిప్పుకుంటూ వచ్చారు. పదిహేడో నియమం దగ్గర ఆగారు. అగ్నిప్రమాదం, వరద, తదితర అత్యవసర పరిస్థితుల్లో కొటేషన్లు లేకుండా, పట్టిక లేకుండా, అక్కడికక్కడే కొనవచ్చు. అత్యవసరమని అధికారి తన చేత్తో ధ్రువీకరిస్తే చాలు. వారం లోపల కమిటీ ఆమోదం తీసుకోవాలి. జేబులోంచి కాగితం తీసి ధ్రువీకరణ రాశారు. 'అత్యవసర స్వభావం' అన్నచోట కాస్త ఆలోచించి, 'తదితర' అని రాశారు. సంతకం చేశారు. తారీఖు వేశారు.

నాలుగు గంటలకు కూతురు తాళం చెవితో తలుపు తీయబోతే, తలుపు తీసే ఉంది. లోపల నాన్న నేల మీద కూర్చుని ఉన్నారు, ఆఫీసు ప్యాంటుతో. ఆయన పక్కన మేనేజరు. అడుగుల చప్పుడు వినగానే ఆ కుందేలు ఒక చెవి నిక్కించి, తల ఇటు తిప్పి చూసింది.

కూతురు బడిసంచి దించడం కూడా మరిచిపోయి అలాగే నేల మీద కూలబడింది. ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఎంత ఆనందంగా ఉందంటే, భార్య వచ్చి కుందేలు కళ్లు రెండూ ఒకే వరసలో ఉన్నాయని ధ్రువీకరించింది. దూది కుందేలును వదిలేశారని బామ్మర్ది నొచ్చుకోకుండా, దాన్ని సోఫాలో శాశ్వత సభ్యుడిగా నియమించారు. మేనేజరు కూడా ఫ్రిజ్ వెనక వైర్ల జోలికి పోకుండా, ముందుగా నాన్న ఇంట్లో ఉంచుకున్న నియమావళి పుస్తకం అంచును కొద్దిగా రుచి చూసింది.

వారం దాటకూడదు కాబట్టి ఆమోదం కోసం మర్నాడే కుటుంబ కమిటీ సమావేశమైంది. మినిట్స్ రాసే పని కూతురిది. మేనేజరును ఒళ్లో పెట్టుకుని, పుస్తకం దాని వీపు మీద ఆనించి, పదిహేడో నియమాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివింది. రెండోసారి మళ్లీ చదివింది.

"ఇది కొత్తగా వచ్చిన రూలా నాన్నా?"

"కాదమ్మా. నేను ఉద్యోగంలో చేరకముందు నుంచే ఉంది."

"మరి మనింట్లో ఎప్పుడూ వాడలేదేం?"

సూపరింటెండెంటు గారికి అబద్ధం చేతకాదు.

"ఇంతవరకూ మనింట్లో అత్యవసరమేదీ రాలేదమ్మా" అన్నారు.

కూతురు తలూపి, ఆ జవాబును మినిట్స్‌లో ఉన్నదున్నట్టుగా రాసుకుంది. (ఆ ఇంటికి ఆ పిల్ల వచ్చి అప్పటికి తొమ్మిదేళ్లు.)